దిండుపై దండయాత్ర

నిద్ర లేవగానే వరుసగా పది పన్నెండు తుమ్ములు తుమ్మడం నాకు అలవాటు కావడం వల్ల మా ఇంట్లో అలారం గడియారం అవసరం ఏనాడూ రాలేదు. ఇది జలుబు కాదనీ, పరుపులో కాపురముంటున్న మైట్ల వల్ల వచ్చిన ఎలర్జీ అనీ, చేతి మీద సూదితో గుచ్చి పరీక్ష చేసిన డాక్టరుగారు తేల్చాక, వాటి గురించి దొరికినదంతా చదవడమే నేను చేసిన మొదటి పొరపాటు.

మిల్లీమీటరులో మూడో వంతుకు మించని, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దాయాది వరసయ్యే ఈ జీవి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దానికి నీళ్లు తాగే పని కూడా లేదు. గాలిలోని తేమనే ఒంటికి పట్టించుకుంటుంది. పడకా భోజనమూ ఉచితంగా అమర్చినందుకు ప్రతిఫలంగా రోజుకు సుమారు 20 మలపు గుళికలను మన దిండులోనే వదులుతుంది. మనల్ని తుమ్మించేవి ప్రధానంగా ఆ గుళికల్లోని ప్రోటీన్లే. ఈ సంగతి తెలిశాక అదే దిండు మీద నిశ్చింతగా తల వాల్చగల స్థితప్రజ్ఞుడు ఎవరైనా ఉంటే ఆయనకు నా నమస్కారం. నేను మాత్రం ఆ రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాను.

"ఇవి కుట్టవనీ, చర్మాన్ని తొలుచుకుపోయేది గజ్జి పురుగనీ మీరే కదండీ చదివి వినిపించారు. మరి ఈ గోకుడేమిటి?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు.

తెల్లవారగానే యుద్ధం ప్రకటించాను. పారిపోయిన మైట్లు సోఫాలో తలదాచుకుంటాయేమోనన్న ముందుచూపుతో పడకగది తలుపులూ కిటికీలూ బిగించి, దుడ్డుకర్ర పుచ్చుకుని పరుపును, దిండ్లను చితకబాదాను. అణిగి ఉన్న ఆ గుళికల పొడి కదిలిస్తేనే గాలిలోకి లేస్తుందన్న విషయం, నేను చదవకుండా వదిలేసిన పేజీలో ఉన్నదట. తుమ్ముల లెక్క ముప్పై దాటి, కళ్లు ఎర్రబడి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాక, లేచిన దుమ్మును అణచాలని పరుపు మీద చెంబెడు నీళ్లు చల్లాను. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గి చాలాకాలం అలాగే ఉంటే ఎండిపోయి చచ్చే ప్రాణులకు, యుద్ధం మధ్యలో నేనే చలివేంద్రం తెరిచానన్నమాట.

కర్ర పక్కన పెట్టి ఫోను చేస్తే, పిల్లికూతలకు మందు చెప్పిన డాక్టరుగారు, దిండుకూ పరుపుకూ దగ్గర నేత గల తొడుగులు వేయమనీ, వేడి తట్టుకునే దుప్పట్లను వారానికోసారి 60 డిగ్రీల నీటిలో ఉతకమనీ ఓపికగా వివరించారు. తుమ్ముల మధ్య నాకు స్పష్టంగా వినిపించినది '60 డిగ్రీలు' ఒక్కటే. వెంటనే మంచం మీద ఉన్న ఉన్ని దుప్పటిని యంత్రంలో వేసి, అంకె 60 దగ్గర పెట్టి, విజయగర్వంతో కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

అందులోని మైట్లన్నీ చచ్చాయనడంలో నాకు సందేహం లేదు. అయితే మా ఇద్దరికీ నిండుగా సరిపోయే ఆ దుప్పటి, అట్టలా బిగుసుకుపోయి మూరెడు గుడ్డగా బయటికి వచ్చింది. మా ఆవిడ దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరుగారు దగ్గర నేత తొడుగు వేయమన్నారు కదండీ" అంటూ దిండుకు చుట్టి చూసింది.

సరిగ్గా సరిపోయింది.