బీచ్ ఇసుక అన్నీ తాగేస్తుందన్న మాట నమ్మకండి

విశాఖ దగ్గర భీమిలి దాటి తీరం వెంట వెళ్తే సరుగుడు తోటల మధ్య రొయ్యపిల్లల హేచరీలు కనిపిస్తాయి. ఒక్కోచోట పది, ఇరవై మంది పనిచేస్తారు, కొందరు అక్కడే పడుకుంటారు. డ్రైనేజీ లైను అంతదూరం రాదు. అలాంటి చోట్ల సివిల్ పనులు చేయించడమే నా ఉద్యోగం. ఈమధ్య మేస్త్రీల దగ్గర్నుంచీ యజమానుల దగ్గర్నుంచీ నాకు ఒకే వాట్సాప్ మెసేజ్ పదేపదే వస్తోంది:

“చిన్న సైటుకి సెప్టిక్ ట్యాంకు దండగ. మూడడుగుల సిమెంటు వరలు నాలుగు దింపి అడుగు వదిలేయండి. బీచ్ ఇసుక అన్నీ తాగేస్తుంది. ఆరు నెలలకోసారి కిలో బెల్లం, కాస్త ఈస్టు, బకెట్ పేడనీళ్ళు పోస్తే జన్మలో నిండదు. నిండినా బండి అక్కర్లేదు, వెయ్యి రూపాయలిస్తే మనిషి దిగి తీసేస్తాడు.”

పంపేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాలుగు డబ్బులు మిగులుతాయనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి గొయ్యి తవ్వితే తాగే నీళ్ళకీ మనిషి ప్రాణానికీ ముప్పు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు “నాలుగు వరలు చాలు” అన్న మాట. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న వరలు నాలుగు పేరిస్తే లోపల పట్టేది సుమారు 800 లీటర్లు. ఇప్పుడు ఒక హేచరీ లెక్క చూద్దాం. పగలు వచ్చి వెళ్ళేవాళ్ళు 12 మంది, అక్కడే ఉండేవాళ్ళు 6 మంది అనుకోండి. పగటివాళ్ళకి మనిషికి 45 లీటర్లు, ఉండేవాళ్ళకి 135 లీటర్లు వేసుకుంటాం. రోజుకి 1,350 లీటర్లు. అంటే ఆ గొయ్యి ఒక్కరోజు నీళ్ళకే చాలదు. ట్యాంకులో నీళ్ళు కదలకుండా కనీసం ఒకరోజు నిలిస్తేనే బరువైనది అడుక్కి దిగుతుంది, నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది, మధ్యలోని నీళ్ళే బయట ఉండే ఇంకుడు గుంతలోకి వెళ్తాయి. నేను రెండు రోజులకి లెక్క వేస్తాను: 2,700 లీటర్లు. అడుగున పేరుకునే మడ్డి, అక్కడే ఉండేవాళ్ళకి ఏడాదికి తలా 40 లీటర్లు, పగటివాళ్ళకి అందులో సగం చొప్పున, మూడేళ్ళకి 1,440 లీటర్లు. మొత్తం 4,140. పొడవు 2.7 మీటర్లు, వెడల్పు 1.2, నీటి లోతు 1.3 మీటర్లతో కడితే 4,200 లీటర్లు వస్తుంది. పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. మధ్యలో అడ్డుగోడ కట్టి మొదటి గదికి మూడింట రెండు వంతులు ఇవ్వాలి. లోపలికి వచ్చే పైపుకీ బయటికి పోయే పైపుకీ టీ (ఇంగ్లీషు ‘T’ ఆకారంలో ఉండే పైపు ముక్క) బిగించాలి. అవుట్‌లెట్‌కి టీ లేకపోతే పైన కట్టిన తెట్టంతా నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని మూసేస్తుంది.

వరల గొయ్యి ఎక్కడా పనికిరాదని అనడం లేదు. ఇళ్ళకి ప్రభుత్వం చెప్పే రెండు గుంతల మరుగుదొడ్డి మంచి పద్ధతి. ఒకటి నిండాక దాన్ని మూసి రెండోది వాడతారు, మొదటిదాంట్లోది మెల్లగా ఎరువవుతుంది. అక్కడ రెండో గుంతే ప్రాణం. ఒకే గొయ్యిని ఆపకుండా వాడుతూ దాన్ని సెప్టిక్ ట్యాంకు అనడం తప్పు.

ఇక ఇసుక సంగతి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ మాటే. ఒకసారి నేను వద్దంటున్నా ఒక హేచరీలో అడుగులేని గొయ్యి వేశారు. “ఇసుక మీద నీళ్ళు నిలవవు కదండీ బాబూ, టెన్షన్ ఎందుకు?” అన్నాడు మేస్త్రి. ఆయన చూసింది నిజమే, నీళ్ళు నిలవలేదు. వానలు పడ్డాక పదిహేను అడుగుల దూరంలో ఉన్న చేతిపంపు నీళ్ళు వాసన కొట్టాయి. ఇద్దరు కుర్రాళ్ళు విరేచనాలతో మంచం పట్టారు.

ఇసుక త్వరగా తాగుతుంది కాబట్టే ప్రమాదం. మట్టి మెల్లగా తాగేటప్పుడు క్రిములు అందులో చిక్కుకుని చస్తాయి. ముతక ఇసుకలో ఆ వ్యవధి ఉండదు. పైగా తీరంలో వానాకాలం నాలుగైదు అడుగులు తవ్వితేనే నీరు తగిలే చోట్లున్నాయి. అక్కడ గొయ్యి అడుగు భూగర్భజలంలోనే ఉంటుంది. భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఇంకుడు ఏర్పాటు తాగునీటి బావికి 18 మీటర్లు, మనుషులుండే గదికి 6 మీటర్లు దూరంగా ఉండాలి. అది కనీస దూరం. ఇసుక నేలల్లో ఇంకా జరపాలి. రొయ్యపిల్లల నీటికోసం బోరు వేసుకున్నవాళ్ళు ఆ బోరుని కూడా ఈ లెక్కలోకి తీసుకోండి.

నీరు పైనే ఉన్నచోట గుంత లోతుగా తవ్వకండి. నేలమీద మట్టి, కంకరతో దిబ్బ పోసి, అందులో చిల్లుల పైపు పరిచి ట్యాంకు నీళ్ళు వదలాలి. ట్యాంకుకి మాత్రం అడుగున కాంక్రీటు, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ తప్పనిసరి. ఇంకో జాగ్రత్త: వానల్లో ట్యాంకు మొత్తం ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీరు దాన్ని పడవలా పైకి ఎత్తేస్తుంది. పైపులు విరుగుతాయి. అందుకని మడ్డి తీయించడం ఎండాకాలంలో, నీరు కిందికి దిగినప్పుడు పెట్టుకోండి. తీయించిన వెంటనే మామూలు నీళ్ళతో నింపండి.

అదే తీరం వదిలి లోపలికి, ఆనందపురం, పద్మనాభం వైపు ఎర్రమట్టి, మొరం నేలల్లో కథ తిరగబడుతుంది, అక్కడ నీళ్ళు ఇంకడమే కష్టం కావచ్చు. గొయ్యి తవ్వి, ముందు నానబెట్టి, నీటిమట్టం ఒక అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంట దాటితే ఇంకుడు గుంత వద్దు, పొడవాటి కాలువలు తీయాలి. గంట దాటితే కాలువలూ పనిచేయవు, ట్యాంకు తర్వాత కంకర ఫిల్టర్ కట్టాలి.

బెల్లం, ఈస్టు, పేడ విషయానికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కావలసిన బాక్టీరియా మన మలంలోనే కోట్లలో ఉంది. ఈస్టు బెల్లాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది, ఆ బుడగలకి అడుగున కూర్చున్న మడ్డి లేచి బయటికి పోతుంది. పేడ మడ్డిని పెంచుతుంది. ఏం పోసినా ఇసుక, జీర్ణంకాని పీచు అడుగున మిగిలే తీరతాయి. హేచరీవాళ్ళు ఆలోచించాల్సింది ఏం పోయాలని కాదు, ఏం పోయకూడదని. రొయ్యపిల్లల ట్యాంకులు కడిగిన బ్లీచింగ్ నీళ్ళు, ఉప్పునీళ్ళు ఈ లైనులో కలిపితే పనిచేసే బాక్టీరియా దెబ్బతింటుంది. ఆ లైను వేరుగా ఉండాలి.

“మనిషి దిగి తీసేస్తాడు” అన్న చివరి మాట రాసినవాళ్ళు ఒక్కసారి ఆగి ఆలోచించాల్సింది. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. వాసన పోయింది కదా అని దిగినవాడు కూలిపోతాడు, అతన్ని లాగడానికి దిగినవాడూ కూలిపోతాడు. మనుషులతో మలం ఎత్తించడంపై వచ్చిన 2013 చట్టం రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి మరణాలకి పరిహారం 30 లక్షలకి పెంచాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చావులు ఆగాలని దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇంత జరిగాక కూడా “వెయ్యి రూపాయలిస్తే దిగుతాడు” అని రాసి పంచుతుంటే చదవలేకపోతున్నాను.

ఎప్పుడు తీయించాలో తెలుసుకోవడానికి ఎవరూ దిగక్కర్లేదు. మూత తీసి, కాసేపు దూరంగా నిలబడి, పాత తెల్ల తువ్వాలు చుట్టిన పొడవాటి వెదురు కర్రని అడుగుదాకా నిలువుగా దింపండి. వంగి చూడకండి, దగ్గర్లో బీడీ వెలిగించకండి. రెండు మూడు నిమిషాల తర్వాత తీస్తే మడ్డి ఎంత ఎత్తుందో నల్లగా తెలుస్తుంది. నీటిలోతులో మూడో వంతుకి చేరితే పీల్చే బండిని పిలవండి. ఎక్కడ పారబోస్తారో డ్రైవర్ని అడగండి. గెడ్డలోకో తోటలోకో అంటే ఆ బండి వద్దనండి, శుద్ధి కేంద్రానికి తీసుకెళ్ళేదాన్నే పిలవండి. బండి పక్కకి రావడానికి దారి వదిలి కట్టించుకోండి. నేను కట్టించిన ప్రతిచోటా ట్యాంకు పక్క గోడమీద మూడు సంగతులు పెయింటుతో రాయిస్తాను: లోతు, చివరిసారి తీయించిన తేదీ, “లోపలికి ఎవరూ దిగకూడదు”.