అరువు ప్రాజెక్టుకు అయిదు సంతకాలు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గర పడేసరికి హైదరాబాద్ నగరం చుట్టూ హోర్డింగులు మారిపోయాయి. మైసమ్మగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా, ఘట్‌కేసర్ నుంచి మొయినాబాద్ దాకా ఇంజినీరింగ్ కళాశాలలూ ప్రైవేటు విశ్వవిద్యాలయాలూ చెబుతున్నది ఒకటే మాట: మా దగ్గర చేర్పించండి, మీ పిల్లలు నాయకులవుతారు, కొత్తవి కనిపెడతారు. ఆ ప్రాంగణాల్లోనే నాలుగో ఏడాది విద్యార్థులు ప్రాజెక్టు వైవాలు (మౌఖిక పరీక్షలు) ముగించుకుని సామాను సర్దుకుంటున్నారు. వాళ్లలో ఎవరి ప్రాజెక్టు సొంతమో, ఎవరిది అమీర్‌పేటలో కొన్నదో గైడ్‌కు తెలుసు, విభాగాధిపతి (హెచ్‌ఓడీ)కి తెలుసు. తెలిసే సంతకాలు పెట్టారు. మా కోపమంతా ఆ సంతకం మీదే.

ప్రాజెక్టు రిపోర్టు తెరవగానే ధ్రువీకరణ పత్రం ఉంటుంది. ఫలానా నలుగురు విద్యార్థులు మా పర్యవేక్షణలో స్వయంగా చేసిన పని ఇది అని అందులో రాసి ఉంటుంది. కింద గైడ్, ప్రాజెక్టు కోఆర్డినేటర్, హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. అయిదు సంతకాలు. తర్వాతి పేజీలో ఇది మరెక్కడి నుంచీ తీసుకున్నది కాదని విద్యార్థులే ఇచ్చే డిక్లరేషన్. కొన్న ప్రాజెక్టయితే ఈ రెండు పేజీల్లో ఒక్క వాక్యమూ నిజం కాదు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు వృత్తి జీవితంలో పెట్టే మొదటి సంతకం అబద్ధం కింద పెడుతున్నాడు. ఆ పక్కనే అయిదుగురు పెద్దలు పెట్టి చూపిస్తున్నారు.

ఈ కొనుగోలు ఎలా సాగుతుందో ఈ ఊళ్లో తెలియనివారు లేరు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి సెంటర్లలో టైటిళ్ల జాబితా చేతికిస్తారు. బ్యాచ్‌కు ఇంత అని మాట్లాడుకుంటే బేస్ పేపర్, సోర్స్ కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలు, ఒకటి రెండు పూటల ఎక్స్‌ప్లనేషన్ అన్నీ కలిపి ఇచ్చేస్తారు. హార్డ్‌వేర్ కావాలంటే అట్టముక్క మీద అతికించిన కిట్టు వస్తుంది. అదే ప్రాజెక్టు టైటిల్‌లో రెండు మాటలు మార్చుకుని మరో కళాశాలకు వెళ్తుంది. రిపోర్టుల్లో స్క్రీన్‌షాట్లు కూడా మారవు. వాటి మూలన కనిపించే తేదీ ఒక్కోసారి ఆ బ్యాచ్ ఇంటర్ చదువుతున్న నాటిది.

ఇందులో పట్టుకోలేని రహస్యమేమీ లేదు. గుండెజబ్బును ముందే పసిగట్టే మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు లేని సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) విభాగం అరుదు. దాని మూలం 1988 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న క్లీవ్‌లాండ్ డేటా: 303 మంది రోగుల వివరాలు, ఒక్కొక్కరికి పదమూడు లక్షణాలు, ఒక ఫలితం. మోడల్‌కు నేర్పడానికి 80 శాతం, దాన్ని పరీక్షించడానికి 20 శాతంగా విడదీస్తే పరీక్షకు మిగిలేది 61 మంది. ఒక్క రోగి విషయంలో తప్పితే కచ్చితత్వం 98.4 శాతానికి పడిపోతుంది, ఒక్కటీ తప్పకపోతే నూరు. మధ్యలో మరో అంకె రాదు. అయినా రిపోర్టులో 99.2 అని అచ్చవుతుంది. డేటా ఫైళ్లు పంచుకునే కాగిల్ వెబ్‌సైట్లో దొరికే 1,025 వరుసల ఫైలు వాడామంటే ఇంకా చిక్కు. ఆ ఫైల్లో విడి రికార్డులు 302 మాత్రమే, మిగతా 723 వాటి నకళ్లే. నకళ్లు తీసేయకుండా విడగొడితే మోడల్ నేర్చుకున్న రోగులే పరీక్షలోనూ ఎదురవుతారు. ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్షకు వచ్చే మార్కులవి. పోనీ అదే లెక్క వేసినా పరీక్షకు 205 వరుసలుంటాయి. ఒకటి తప్పితే 99.5, రెండు తప్పితే 99.0. అక్కడా 99.2 రాదు. ఫోనులోని కాలిక్యులేటరుతో అర నిమిషంలో తేలే సంగతి ఇది. ఆ అర నిమిషం ఏ సంతకందారూ వెచ్చించలేదంటే చదవకుండానే సంతకం పెట్టారని అర్థం. లేదా చదివి, తెలిసి పెట్టారని. రెండోదే ఎక్కువని మేం అనుకుంటున్నాం.

ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), ఎలక్ట్రికల్ (ఈఈఈ) విభాగాల్లో దీనికి సాటి పొలానికి నీళ్లు పెట్టే మోటారు ప్రాజెక్టు. మట్టిలో తడి కొలిచే సెన్సర్, దాన్ని చదివే ఒక బోర్డు, పంపును ఆన్, ఆఫ్ చేసే రిలే, చిన్న పంపు. వైవా బల్ల మీద పది నిమిషాలు చక్కగా నడుస్తుంది. నిజంగా మట్టిలో దించితే అసలు చదువు మొదలవుతుంది. రెండు లోహపు పుల్లలున్న చవక సెన్సర్‌కు ఎడతెగకుండా కరెంటు ఇస్తే విద్యుద్విశ్లేషణ జరిగి పూత కరిగిపోతుంది, వారాల్లోనే రీడింగులు తారుమారవుతాయి. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇవ్వాలి, లేదా కెపాసిటివ్ సెన్సర్‌కు మారాలి. పంపు, బోర్డు ఒకే 5 వోల్టుల సరఫరా మీద ఉంటే పంపు లేచేటప్పుడు లాగే కరెంటుకు వోల్టేజీ కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. ఆగేటప్పుడు మోటారు నుంచి వచ్చే ఎదురు వోల్టేజీకి రిలే కాంటాక్టులు కాలిపోతాయి. దాన్ని ఆపడానికి మోటారు కొసల మధ్య కరెంటును ఒకే దిశలో పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు రూపాయల వస్తువు. ఆ డయోడ్ ఎందుకు పెట్టారో చెప్పగలిగినవాడు రిలే కాల్చుకుని ఉంటాడు, రాత్రంతా కూర్చుని కారణం వెతికి ఉంటాడు. కొన్న కిట్టులో డయోడ్ ఉన్నా లేకున్నా బ్యాచ్‌కు తేడా తెలియదు.

హోర్డింగుల మీది నాయకత్వం పుట్టేది కూడా అక్కడే. రివ్యూకు ముందురోజు బోర్డు పనిచేయడం మానేస్తే మర్నాడు ఏం చూపించాలి, తప్పు ఎవరిదైనా పంచుకోవడం ఎలా, మిగిలిన డబ్బుతో ఏ భాగం ముందు కొనాలి, గైడ్‌కు నిజం ఎలా చెప్పాలి అన్నవి నలుగురూ తేల్చుకోవాలి. అతిథి ఉపన్యాసాలు, క్లబ్బుల పదవీ ప్రమాణాలు, శాలువాల ఫొటోలు ఇది నేర్పలేవు. నేర్పగలిగిన ఒకే ఒక్క సందర్భాన్ని కొన్ని వేల రూపాయలకు బయటివారికి అప్పగించేసి, ఆ పనికి సొంత కృషి అని ముద్ర వేస్తున్నారు.

యాజమాన్యాలకు తమ వాదన ఉంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలతో కుంగిపోతున్నామని, కంపెనీలు కోడింగ్ పరీక్షలు చూస్తాయే తప్ప ప్రాజెక్టులు చూడవని, నాలుగో ఏడాది పిల్లలు క్లాసుకే రారని అంటున్నాయి. బకాయిలు చెల్లించాల్సిందే, ఆ మాట ఈ పత్రిక ఇంతకుముందూ చెప్పింది. కానీ బకాయి ఉన్నందుకు అబద్ధానికి సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు.

అసలు వైవా జరిగే తీరు చూడండి. సెక్షన్‌కు 60 మంది, నలుగురికో బ్యాచ్ చొప్పున 15 బ్యాచ్‌లు. ఎక్స్‌టర్నల్ ఒక్కరికే రోజుకు రెండు సెక్షన్లు అప్పగిస్తే, భోజన విరామం పోను ఆరు గంటల్లో 30 బ్యాచ్‌లు. బ్యాచ్‌కు 12 నిమిషాలు, విద్యార్థికి మూడు. అందులో పీపీటీ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పోతాయి. ఈ మూడు నిమిషాలు నాలుగేళ్ల చదువుకు చివరి పరీక్ష! అధ్యాపకుల సంగతి సరేసరి. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన ప్రకారమే ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు, అంతకుముందు పదిహేను మందికే ఒకరు ఉండేవారు. సీట్ల మీద గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఎత్తేశాక సీఎస్‌ఈ సెక్షన్లు ఇంకా పెంచుకుంటామని కళాశాలలు కోర్టు మెట్లెక్కాయి. సెక్షన్లు పెంచుకోవడానికి చూపిన పట్టుదలలో పదోవంతు గైడ్ల మీద చూపితే ఈ సంపాదకీయం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

నిజానికి హైదరాబాద్ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనలు రెండో ఏడాదిలోనే క్షేత్రస్థాయి పరిశోధన ప్రాజెక్టు పెట్టాయి, చివరి ఏడాది ప్రాజెక్టును రెండు దశలుగా విడదీశాయి. ఆలోచన మంచిదే. మొదటి దశలో ఆలోచన, రెండో దశలో నిర్మాణం అనుకున్నారు. జరుగుతున్నదేమిటంటే మొదటి దశలో అడ్వాన్సు, రెండో దశలో మిగతా సొమ్ము. నిబంధన ఎంత బాగున్నా దాని కింద పెట్టే సంతకానికి విలువ లేనప్పుడు ఫలితం ఇదే.

సంతకం గురించే మళ్లీ మళ్లీ ఎందుకు మాట్లాడుతున్నామంటే, ఇంజినీరు వృత్తి అంతా దాని మీదే నిలబడి ఉంది. అపార్టుమెంటు స్ట్రక్చరల్ డిజైన్ కింద, కాంక్రీటు ఘనాల పరీక్ష నివేదిక కింద, లిఫ్టు తనిఖీ పత్రం కింద పడేది ఇంజినీరు సంతకమే. ఇరవై ఎనిమిది రోజులు నానబెట్టి విరిచి చూడాల్సిన ఘనాన్ని విరవకుండానే అంకె వేసేవాడికి, రన్ చేయకుండానే 99.2 వేసిన విద్యార్థికి మధ్య దూరం ఎంత? మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పుడు జాతీయ డ్యాం భద్రతా సంస్థ ఎత్తిచూపిన లోపాల్లో నాణ్యత నియంత్రణ ఒకటి. అక్కడి బాధ్యులెవరో తేల్చడం ఈ సంపాదకీయం పని కాదు. నాణ్యత పత్రాలు ఉత్త కాగితాలైతే ఏమవుతుందో మాత్రం ఈ రాష్ట్రానికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

పిల్లలది మాత్రమే తప్పనడం అన్యాయం. వాళ్లు చూసి నేర్చుకున్నారు. తనిఖీ బృందం వచ్చే రోజుకు అధ్యాపకుల సంఖ్య పెరగడం, ల్యాబులోకి పరికరాలు రావడం, మర్నాడు తిరిగి వెళ్లిపోవడం క్లాసులో కూర్చుని చూసినవాళ్లే కదా. కళాశాలలకు గ్రేడులిచ్చే న్యాక్ తనిఖీ బృంద సభ్యులను లంచం ఆరోపణపై సీబీఐ 2025 ఫిబ్రవరిలో అరెస్టు చేసిన వార్తా చదివే ఉంటారు. అరువు పరికరాలతో గ్రేడు తెచ్చుకునే కళాశాల, అరువు ప్రాజెక్టు తెచ్చిన విద్యార్థిని ఏ ముఖంతో నిలదీస్తుంది?

సరిదిద్దడం అసాధ్యం కాదు, ఖర్చూ తక్కువే. విశ్వవిద్యాలయం తన పరిధిలోని ప్రతి ప్రాజెక్టు రిపోర్టునూ, కోడ్‌నూ ఒకేచోట, అందరికీ కనిపించేలా పెట్టాలి. ఒకే సరుకు నాలుగు కళాశాలలకు అమ్ముడుపోయిన సంగతి మొదటి వారంలోనే బయటపడుతుంది. కోడ్‌లో ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేసే గిట్‌లో అది వారం వారం పెరుగుతూ రావాలి, చివరి రాత్రి ఒక్కసారిగా వచ్చిపడితే మొదటి రివ్యూలోనే వెనక్కి పంపాలి. హార్డ్‌వేర్ బ్యాచ్‌లు భాగాలు కొన్న బిల్లులు, కాలిపోయిన భాగాల జాబితా రిపోర్టులో చేర్చాలి. ఏది పనిచేయలేదో, ఎందుకు పనిచేయలేదో చెప్పే అధ్యాయం లేని రిపోర్టుకు మార్కులు కోయాలి. బ్యాచ్ లీడర్ పదవి నెలకొకరికి మారాలి, ఆ నెల ఖర్చు, పనుల పంపకం ఆ విద్యార్థే రాసి గైడ్‌కు ఇవ్వాలి.

వైవా తీరు మారడం అన్నింటికంటే ముఖ్యం. పీపీటీ చదివించడం మానేసి ఎక్స్‌టర్నల్ అక్కడికక్కడే ఒక మార్పు కోరాలి. డేటాలో ఈ కాలమ్ తీసేసి మళ్లీ రన్ చేయండి. నకళ్లు తొలగించి కచ్చితత్వం ఎంతో చూపండి. సెన్సర్ వైరు పీకేస్తున్నాను, పంపు ఆగాలా నడవాలా, మీ కోడ్ ఏం చేస్తుంది? మీ సర్క్యూట్‌ను నల్లబల్ల మీద గీయండి. సొంతంగా చేసినవాళ్లకు ఇవి పండగ లాంటి ప్రశ్నలు. బ్యాచ్‌కు అరగంట ఇవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌కు రోజుకు పన్నెండు బ్యాచ్‌లకు మించి అప్పగించకూడదు. వైవాలు మరో రెండు వారాలు సాగుతాయి, అంతే.

చేయాలనుకునేవారికి ఈ నగరంలో లేనిదేమిటి? రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన ప్రోటోటైపింగ్ కేంద్రం టీ-వర్క్స్ 78 వేల చదరపు అడుగుల్లో యంత్రాలతో నిండి ఉంది. బాలానగర్, జీడిమెట్లలో లేత్ మీద చేయి తిరిగిన మేస్త్రీలున్నారు. దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను 2022 నవంబరులో ఎగరేసింది ఈ ఊరి కంపెనీయే. ప్రాంగణాల్లోనూ ఆవిష్కరణ కేంద్రాలున్నాయి, శిలాఫలకాలతో సహా. చాలాచోట్ల ఆ గదికి తాళం. లోపల 3డీ ప్రింటర్ ఉంటుంది. దానికి తగిలించి వదిలేసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ తీగ వానాకాలపు తడి పీల్చుకుని పెళుసుబారి ముట్టుకుంటే విరుగుతుంది. తీగను సిలికా జెల్ వేసి మూతబెట్టాలని ఆ గదికి బాధ్యుడైనవారికి తెలియదు, ఎందుకంటే ఆయన కూడా ప్రింటర్ నడపలేదు. కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు హోర్డింగు చూసి మురిసిపోకుండా ఆ తాళం తీయించి చూడాలి. గత ఏడాది ప్రాజెక్టులు మూడు బయటికి తీయించి, వాటిని చేసిన సీనియర్లు జూనియర్లకు ఏం నేర్పి వెళ్లారో అడగాలి.

ప్రిన్సిపాళ్లకు, హెచ్‌ఓడీలకు ఒక్క మాట. వచ్చే విద్యాసంవత్సరం మొదటి రిపోర్టు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు పెన్ను తీయకండి. ఆ నలుగురినీ లోపలికి పిలవండి. డయోడ్ ఎక్కడుందో, 61 మందిలో ఎవరి దగ్గర మోడల్ తప్పిందో అడగండి. చెప్పలేకపోతే రిపోర్టు వెనక్కి పంపండి. అది చేయలేనివారు నాయకత్వం అన్న మాటను తమ గేటు మీద నుంచి ఈ వారమే చెరిపేయాలి.