పువ్వు పుట్టగానే పరిమళించాలా? బడిలో నాయకత్వం గురించి తిరుగుతున్న ఒక సందేశానికి జవాబు

తల్లిదండ్రుల గ్రూపుల్లోనూ, ఉపాధ్యాయుల గ్రూపుల్లోనూ ఒక సందేశం చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: నాయకులు పుడతారే తప్ప తయారు కారు. అలాంటి పిల్లలు తరగతికి ఒకరో ఇద్దరో ఉంటారు, చిన్నప్పుడే ఇట్టే తెలిసిపోతారు. వాళ్లను లీడర్లను చేసి కాస్త పెత్తనం అప్పగిస్తే తరగతి దారిలో ఉంటుంది. అందరికీ నాయకత్వం నేర్పితే చెప్పేవాళ్లే తప్ప వినేవాళ్లు మిగలరు. ఆ సమయాన్ని చదువుకు కేటాయించడం మేలు. చివర ‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అన్న సామెత, దాని కింద చేతులు జోడించిన బొమ్మ. దీన్ని పంపేవాళ్లే హోంవర్కు దగ్గరికి వచ్చేసరికి ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు. గుణం పుట్టుకతోనే స్థిరపడి ఉంటే వంచడానికి అంత తొందర ఎందుకో మరి.

మొదటి మాట, పుట్టుక. దానికి పాత్రే లేదని నేను అనను. 2006లో రిచర్డ్ ఆర్వీ అనే పరిశోధకుడి బృందం అమెరికాలోని మిన్నెసోటాలో కవలలైన పురుషులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. పెద్దయ్యాక నాయకత్వ పదవుల్లోకి వెళ్లే విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 30 శాతం జన్యువుల వల్ల వస్తోందని అంచనా వేసింది. మిగతా 70 శాతం అంతా శిక్షణ ఫలమేనని ఎగిరి గంతేయాల్సిన పనిలేదు. అందులో ఇల్లు, అవకాశాలు, అదృష్టం అన్నీ కలిసి ఉంటాయి. పైగా ఈ లెక్క ఒక జనసమూహంలోని తేడాల గురించి చెబుతుంది. మీ ఎదుట కూర్చున్న మూడో తరగతి పిల్లవాడి భవిష్యత్తు గురించి అది ఏమీ చెప్పదు. వాళ్లు కొలిచింది కూడా పదవులను. పదవి దక్కడం, ఆ పనిని చక్కగా చేయడం ఒకటి కాదని మనలో తెలియనివాళ్లు ఎవరు?

‘చిన్నప్పుడే తెలిసిపోతుంది’ అన్నది రెండో మాట. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. బడిలో చేర్చుకోవడానికి ఏదో ఒక తేదీని గీతగా పెట్టుకుంటారు. ఆ గీత దాటగానే పుట్టినవాళ్లకూ, మరుసటి ఏడాది గీతకు కాస్త ముందు పుట్టినవాళ్లకూ ఒకే తరగతిలో దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఆరేళ్ల వయసులో ఏడాది అంటే బతికిన జీవితంలో ఆరో వంతు. పెద్దవాడు కాస్త పొడుగ్గా ఉంటాడు, స్పష్టంగా మాట్లాడతాడు, ఎక్కువసేపు కుదురుగా కూర్చుంటాడు. ‘వీడిలో నాయకుడు ఉన్నాడు’ అని టీచరు అనుకుంటుంది. లీడరు పదవి వాడికే ఇస్తుంది. వాడికి అలవాటవుతుంది, వచ్చే ఏడాది టీచరు కూడా వాడినే ఎంచుకుంటుంది. 2008లో ఎలిజబెత్ డూయీ, స్టీఫెన్ లిప్స్‌కోమ్ అనే ఆర్థికవేత్తలు అమెరికా హైస్కూళ్ల సమాచారాన్ని పరిశీలించారు. తరగతిలో వయసుపరంగా అందరికంటే పెద్దవాళ్లు జట్టు కెప్టెన్లో, క్లబ్బు అధ్యక్షులో అయ్యే అవకాశం 4 నుంచి 11 శాతం ఎక్కువగా ఉందని తేల్చారు. అంటే మనం ‘పరిమళం’ అని మురిసిపోతున్న దానిలో కొంత భాగం పుట్టిన నెల!

ఇక గట్టిగా మాట్లాడే పిల్లలను చురుకైనవాళ్లని, మెల్లగా మాట్లాడేవాళ్లను వెనకబడినవాళ్లని లెక్కగట్టడం మరో పొరపాటు. ఆటలో గొడవ వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పే పిల్ల చాలాసార్లు వెనక బెంచీలోనే ఉంటుంది. ఆమె పేరు ఎవరూ ప్రతిపాదించరు.

మూడోది, పెత్తనం వల్ల క్రమశిక్షణ. మన బడుల్లో లీడరు చేసే పని ఏమిటో నిజాయితీగా చూద్దాం. టీచరు బయటికి వెళ్లినప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. ఇష్టమైనవాళ్ల పేర్లు చెరిపేయడం. దీన్ని నిఘా అనాలి. పిల్లవాడు ఇందులో నేర్చుకునేది పైవాళ్లను మెప్పించడం, తోటివాళ్లను భయపెట్టడం.

మనస్తత్వ శాస్త్రవేత్తలు కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ 1939లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అమెరికాలోని అయోవాలో పదేళ్ల మగపిల్లలను ఐదుగురేసి క్లబ్బులుగా చేసి, ఒక్కో క్లబ్బుకు ఒక పెద్దాయనను నాయకుడిగా పెట్టారు. ఒక పద్ధతిలో ఆయనే అన్నీ ఆదేశిస్తాడు, తర్వాతి మెట్టు ఏమిటో కూడా ముందుగా చెప్పడు. ఇంకో పద్ధతిలో పిల్లలతో చర్చించి నిర్ణయిస్తాడు. మూడో పద్ధతిలో పట్టించుకోకుండా వదిలేస్తాడు. ఆదేశాలిచ్చే నాయకుడు గది దాటగానే పని చాలావరకు ఆగిపోయింది. చర్చించి నడిపిన చోట ఆయన లేకపోయినా సాగింది. ఆరు వారాలకోసారి నాయకుడినీ పద్ధతినీ మార్చినప్పుడు అవే పిల్లల ప్రవర్తన మారిపోయింది. చిన్న ప్రయోగమే, అందులో నాయకులు పెద్దవాళ్లే. అయినా భయంతో కూర్చోబెట్టిన తరగతి ఎంతసేపు కూర్చుంటుందో ఊహించడానికి అది చాలు. వదిలేసిన క్లబ్బుల్లో పని అంతంతమాత్రంగానే జరిగిందన్నది కూడా మరవకూడదు. ‘మీరే చూసుకోండి’ అని చెప్పి స్టాఫ్‌రూముకు వెళ్లిపోవడం నాయకత్వం నేర్పడం కిందికి రాదు.

‘అందరూ నాయకులైతే వినేవాళ్లు ఎవరు?’ వినడానికి చమత్కారంగా ఉంది, అంతే. నాయకత్వాన్ని జీవితాంతం ఉండే కుర్చీగా ఊహించుకుంటేనే ఈ ప్రశ్న పుడుతుంది. బడిలో అది వంతు. ఈ వారం నడిపినవాళ్లు వచ్చే వారం నడుస్తారు. నడిపిన అనుభవం ఉన్నవాళ్లే తర్వాత బాగా సహకరిస్తారు, ఎందుకంటే ఎవరూ వినకపోతే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. 1971లో అమెరికా రాష్ట్రం టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, నల్ల, తెల్ల, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు వచ్చిన ఘర్షణలను తగ్గించడానికి ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పద్ధతి రూపొందించారు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. తన ముక్కను నేర్చుకుని మిగతావాళ్లకు బోధించడం ప్రతి ఒక్కరి బాధ్యత. ఎగతాళికి గురైన పిల్లవాడి మాటను కూడా శ్రద్ధగా వినక తప్పదు, వినకపోతే పాఠం పూర్తికాదు. చెప్పడం, వినడం రెండూ ఒక్క పీరియడులోనే.

ఆఖరిది, సమయం. ఇక్కడ ఆ సందేశంతో నాకు సగం ఏకాభిప్రాయం ఉంది. బట్టీపట్టిన ప్రసంగం, బ్యాడ్జీ, ధ్రువపత్రం, ఫోటోతో ముగిసే నాయకత్వ శిబిరాలు నిజంగానే వృథా. అయితే పైన చెప్పిన పద్ధతికి వేరే పీరియడు అవసరం లేదు, పాఠంలోనే ఇమిడిపోతుంది. ఒకటి, రెండు తరగతుల్లో వస్తువులు పంచడం, వంతు కోసం ఆగడం, ‘నాకు అలా అనిపించడం లేదు’ అని ఏడవకుండా చెప్పడం చాలు. నాలుగు, ఐదుకు వచ్చేసరికి ఐదు నిమిషాల జట్టు చర్చను నడపగలరు, మాట్లాడనివాళ్లను అడగగలరు. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు నిజమైన నిర్ణయం ఒకటి ఇవ్వాలి: సైన్సు ప్రాజెక్టుకు పని విభజన, గ్రంథాలయ మూలలో ఏ పుస్తకాలు పెట్టాలన్నది, ఆటస్థలం ఎవరికి ఎప్పుడన్నది. నిర్ణయం బెడిసికొట్టినప్పుడు టీచరు వెంటనే చేతుల్లోకి తీసుకోకుండా, ఎక్కడ తప్పిందో వాళ్లతోనే చెప్పించాలి. ఆ బెడిసిన ప్రణాళికకు మార్కులు మాత్రం కోయకూడదు. కోస్తే, మరుసటిసారి బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగినప్పుడు చెయ్యెత్తేవాళ్లు ఉండరు.