నాన్నగారి చేత సైకిలు మాన్పించడం ఎలా

అరవై అయిదు దాటిన పెద్దాయన, ఆయనకో సైకిలు. ఈ రెండూ ఉన్న ఇంట్లో పిల్లలకు మనశ్శాంతి ఉండదు. తెల్లవారుజామున అయిదున్నరకు స్టాండు తీసిన చప్పుడు వినబడుతుంది. ఏడింటికి తిరిగొచ్చి, కండువాతో చెమట తుడుచుకుని, ఇంకో రెండు ఇడ్లీలు వేయమంటారు. షుగరు రిపోర్టులు వస్తే కోడలు దిగులుపడేది మొగుడిది చూసి, మామగారిది చూసి కాదు. ఇరుగుపొరుగు మాత్రం "అంత కారుండీ ముసలాయన్ని సైకిలు మీద తిప్పుతున్నారు" అంటారు. ఇంటి పరువు రెండు చక్రాల మీద వీధులు తిరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేం కదా.

చాలామంది మాటలతో మొదలుపెట్టి భంగపడతారు. "ఈ వయసులో మీకెందుకు నాన్నగారూ" అని కొడుకు, "మాకు చెబితే తెచ్చిపెట్టమా" అని కూతురు. ఆయన వింటారు, తలూపుతారు, మర్నాడు అయిదున్నరకు స్టాండు తీస్తారు. గంటకింత అని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలుకు కడ్డీ కిందుగా కాలు దూర్చి, మోచిప్పలు పగలగొట్టుకుని నేర్చుకున్న విద్య అది. మాటకు లొంగదు. స్పానరుకు లొంగుతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన మార్గం సీటు దించడం. దీన్ని పట్టపగలు, అందరి ముందూ, ప్రేమగా చేయొచ్చు. "రెండు కాళ్లూ నేలకు ఆనాలి నాన్నగారూ, లేకపోతే పడతారు" అంటూ పాదాలు పూర్తిగా నేలకు ఆనేదాకా దించేయండి. ఇక పని మోకాలే చూసుకుంటుంది. సీటు కిందికి ఉంటే పెడలు పైకొచ్చినప్పుడల్లా మోకాలు మరీ మడుచుకుంటుంది. అంత మడిచిన కాలితో బలంగా నొక్కితే మోకాలిచిప్ప వెనకనున్న తొడ ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. నిమిషానికి 60 చుట్లు వేసుకున్నా గంటకు ఒక్కో మోకాలికి 3,600 నొక్కుళ్లు. కొన్ని వారాల్లో చిప్ప ముందువైపు నొప్పి మొదలవుతుంది. డాక్టరు ఎక్స్‌రే తీయిస్తారు. ఆ వయసు మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఎంతో కొంత అరుగుదల కనబడకుండా ఎలా ఉంటుంది? "వయసండీ" అనేస్తారు. సీటు ఎంత ఎత్తులో ఉందని అడిగే డాక్టరు దొరకడం కష్టం, కాబట్టి మీరు క్షేమం.

ఒక్క జాగ్రత్త. సరైన ఎత్తు తెలుసుకునే చిట్కా ఆయన చెవిన పడకూడదు. ఎందుకంటే అది సిగ్గుపడేంత తేలిక. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోవాలి. పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ఆ తర్వాత పాదం ముందుభాగం పెడలు మీదికి మార్చుకుంటే మోకాలు దానంతట అదే 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉంటుంది. అంతే. ఏళ్ల తరబడి కిందికి ఉన్న సీటును ఒక్కసారిగా లేపకూడదు, వారానికి 5 మిల్లీమీటర్ల చొప్పున చాలు. మోకాలి వెనకవైపు లాగినా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగినా ఎత్తు మరీ ఎక్కువైందని అర్థం. సీటు గొట్టం మీద ఉన్న గీత బయటికి కనబడేదాకా లాగకూడదు. మరి ఆగినప్పుడు కాలు నేలకు అందేదెలా అంటారా? సీటు మీదే కూర్చుని ఆగకూడదు. పూర్తిగా ఆగబోయే ముందు సీటు దిగి కడ్డీ వైపు ముందుకు జరిగి, ఒక కాలు కింది పెడలు మీద ఉండగా రెండోది నేల మీద మోపాలి. ఖాళీ స్థలంలో పది నిమిషాలు సాధన చేస్తే వచ్చేస్తుంది. అందుకే చెబుతున్నాను, ఆయనకు తెలియనివ్వకండి.

పండగలకూ పుట్టినరోజులకూ ఏమివ్వాలో కూడా ఆలోచించి పెట్టుకోండి. జెల్ సీటు కవరు దివ్యమైన కానుక. మెత్తగా ఉంటుంది కాబట్టి కాదనరు. మెత్తటి దాంట్లో పిరుదుల ఎముకలు దిగబడిపోయి, బరువంతా వాటి మధ్యనున్న సున్నితమైన చోట పడుతుంది. అరగంటలో తిమ్మిరి. "అబ్బే, ఇంకా నొప్పిగా ఉందే" అంటే సీటు ముక్కు కాస్త కిందికి వంచండి. ఇప్పుడు మనిషి ముందుకు జారుతూ ఉంటారు, జారకుండా చేతులతో ఆపుకుంటారు, బరువు అరచేతుల మీదికి వెళుతుంది, చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. సీటు మళ్లీ సమంగా పెట్టి, హ్యాండిల్ ఒక అంగుళం లేపితే చాలావరకు పోయే ఈ తిమ్మిరికి మీరు నరాల డాక్టరు అపాయింటుమెంటు తీసుకోవచ్చు.

ఇక్కడ మన పక్షం బలమెక్కడుందో చెప్పుకోవాలి. వయసు వచ్చి సైకిలు దగ్గర నిజంగా కూర్చునేది తొక్కే చోట కాదు, ఎక్కే చోట, దిగే చోట. మన నల్ల సైకిలు 22 అంగుళాల ఫ్రేము, కాస్త పొడగరి అయితే 24. ఎక్కే పద్ధతి అందరికీ తెలిసిందే: ఎడమ కాలు పెడలు మీద, కుడి కాలితో నేలను రెండు తన్నులు, కదిలే సైకిలు మీద కుడి కాలు వెనక నుంచి క్యారియర్ మీదుగా ఒక తిప్పు. ఇరవయ్యేళ్లప్పుడు అది నాట్యం. డెబ్బయ్యేళ్లకు తుంటి కీలు అంత ఎత్తున తిరగదు. మడమ క్యారియర్‌కో, దానికి కట్టిన కూరల సంచికో తగులుతుంది. పడాలంటే సైకిలు పరుగులో ఉండనక్కర్లేదు. ఇలా నిలబడ్డ చోట, సున్నా వేగంలో, పక్కకు ఒరిగిపోతారు. తుంటి ఎముక విరగడానికి ఆ ఎత్తు చాలు.

కాబట్టి మీరు చేయాల్సిందల్లా ఆయన్ని ఆ పాత పద్ధతిలోనే ఎక్కనివ్వడం, సంచి క్యారియర్ మీదే కట్టించడం. ముందు బుట్ట బిగించారో, వెనక దారి ఖాళీ అయిపోతుంది. సైకిలును తనవైపు బాగా వంచుకుని, వాలిన ఫ్రేము మీదుగా కాలు వేసి, తర్వాత నిటారుగా లేపుకోవచ్చని చెప్పారో, ఇంకో పదేళ్లు ఎక్కుతారు. ఇంటి అరుగు పక్కన నిలబెట్టి అరుగు మీద నుంచి ఎక్కడం ఇంకా ప్రమాదకరమైన ఆలోచన, మనకు. అసలు కడ్డీయే లేని, కాలు ముందు నుంచి దూర్చి ఎక్కే సైకిలు బజార్లో ఉంది. కానీ భయం లేదు, దానికి మన దేశంలో "ఆడవాళ్ల సైకిలు" అని పేరు. తుంటి విరిగినా సరే మగతనం విరగకూడదనుకునే జాతి మనది. ఆ పేరు ఒక్కసారి గట్టిగా, నవ్వుతూ అంటే చాలు. చైన్ కవరు నిండుగా ఉండి పంచె అంచు నలగకుండా కాపాడేదీ, వెనక చక్రానికి చీర గార్డు ఉండి చువ్వల్లోకి ఏదీ పోకుండా చూసేదీ ఆ సైకిలే అన్న సంగతి మింగేయండి.

కొందరు ఉత్సాహవంతులు ఏకంగా గేర్ల సైకిలు కొనిస్తారు. ఇది రెండంచుల కత్తి. మన పాత సైకిలుకు ముందు, పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. చదునైన దారిలో హాయి, ఫ్లైఓవరు కనబడితే దిగి నడవడమే. ఇరవయ్యొక్క గేర్ల సైకిలులో, ముందు 24 పళ్లు, వెనక 28 ఉన్న జతలో వేస్తే ఒక చుట్టుకు పోయేది ఒకటీ ముప్పావు మీటరు. నిమిషానికి 60 చుట్లతో గంటకు ఆరు కిలోమీటర్లు పైచిలుకు. నడిచేవాడు పలకరించి పక్కనే వచ్చేంత వేగం, మోకాలికి మాత్రం మెట్లెక్కినంత శ్రమ కూడా ఉండదు. అందుకని ముందు పళ్లచక్రాన్ని మార్చే ఎడమ చేతి గేరు దేనికో చెప్పకండి. ఎత్తు మొదలవక ముందే, కాలు తేలిగ్గా తిప్పుతూ గేరు దించాలన్న రహస్యం అసలే వద్దు. ఎత్తు మధ్యలో, బలంగా నొక్కుతూ మారిస్తే చైను కరకరమంటుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. ఆయనే విసుగెత్తి "ఈ గోలంతా మన కాలంలో లేదు" అంటూ గోడకు చేరేస్తారు.

అమెరికా నుంచి వచ్చే అబ్బాయితో ఇంకో గండం. బ్యాటరీ సైకిలు కొనిస్తానంటాడు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగమైతే మన దేశంలో రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. బరువు ఎక్కువని, రెండో అంతస్తుకు ఎవరు మోస్తారని ముందే అడ్డుపడండి. బ్యాటరీ ఒక్కటే ఊడదీసి పైకి తెచ్చుకునే రకాలు ఉన్నాయని అతనికి గుర్తురాకుండా చూడండి.

ఇంట్లో ఎవరూ ఎత్తకూడని పేరు ఒకటుంది: రాబర్ట్ మర్షాన్. 1911లో పుట్టిన ఫ్రాన్సు దేశస్థుడు. వందేళ్ల వయసులో, 2012లో, ట్రాకు మీద గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా? రెండేళ్ల తర్వాత 102 ఏళ్ల వయసులో 26.927 కిలోమీటర్లు తొక్కాడు. అంటే పెద్దవాడవుతూ వేగం పెంచుకున్నాడు. ఇది సభ్యత కాదు. మధ్యలో శాస్త్రజ్ఞులు చేరి శిక్షణ ఇచ్చారు. నూటికి 80 వంతులు తేలిగ్గా, 20 వంతులు గట్టిగా తొక్కించారు. ఆయన ఊపిరి సత్తా 13 శాతం పెరిగింది, కాలి బలం కన్నా కాలి తిప్పుడే మారి, నిమిషానికి గరిష్ఠంగా 69 చుట్ల నుంచి 90కి చేరింది. 2017లో 105 ఏళ్లప్పుడు 22.547 కిలోమీటర్లు తొక్కి, పది నిమిషాలే మిగిలాయన్న బోర్డు కనబడలేదు గానీ లేకపోతే ఇంకా వేగంగా పోయేవాణ్ణని సణిగాడట. నాన్నగారి ఫోనులో ఇలాంటి వీడియోలు వస్తే వెంటనే తొలగించండి.

బదులుగా ఒక చేతి గడియారం కొనివ్వండి, గుండె వేగం చూపించేది. చాలా వాటిలో గరిష్ఠ వేగానికి 220లోంచి వయసు తీసేసే లెక్కే ఉంటుంది. డెబ్బై ఏళ్లకు 150. ఇంకో లెక్క కూడా ఉంది: వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేస్తే 159. నలభై దగ్గర రెండూ 180 అనే చెబుతాయి. అక్కడి నుంచి వయసు పెరిగేకొద్దీ మొదటిది మనిషిని త్వరగా ముసలివాణ్ణి చేస్తుంది, కాబట్టి మనకు అదే కావాలి. రెండూ సగటు లెక్కలే, ఒక్కో మనిషికి పదేసి అటూ ఇటూ ఉంటుంది. బీపీకి గుండె వేగం తగ్గించే మాత్ర వేసుకునేవారికైతే రెండూ పనికిరావు. తొక్కుతూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే వేగం సరిగ్గా ఉన్నట్టు. దీనికి గడియారం అక్కర్లేదన్నదే ఇందులోని ఇబ్బంది.

మన వైపు న్యాయమైన పాయింట్లూ లేకపోలేదు, అవి గట్టిగా వాడుకోండి. సైకిలు ఎముకలకు మేలు చేయదు. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి ఎముకకు పని ఉండదు. (వారానికి రెండుసార్లు కాస్త బరువులెత్తి, రోజూ కొంత నడిస్తే ఆ లోటు తీరుతుందని చెప్పనక్కర్లేదు.) పెద్దవయసులో దాహం ఆలస్యంగా తెలుస్తుంది, మే నెలలో ఏడు దాటాక తొక్కితే కళ్లు తిరుగుతాయి. (దాహమయ్యేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు.) మెడ వెనక్కి తిరగదు, వెనక లారీ కనబడదు. (కుడి హ్యాండిల్‌కు అద్దం.) స్టీలు రిమ్ములకు వానలో బ్రేకు రబ్బర్లు పట్టవు. ఇది మాత్రం కుర్రాళ్లకూ అంతే, అయినా వాడుకోండి.

ప్రభుత్వాలు మనకు చేస్తున్న సాయానికి కృతజ్ఞత చెప్పుకోకపోతే పాపం. స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, నున్నగా ఉండాలని రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మన కాలనీల్లో కట్టేది పడుకున్న గేదె ఆకారంలో. పెడళ్లు రెండూ సమానంగా పెట్టి, సీటు మీద నుంచి కాస్త లేచి, మోకాళ్లు వంచి దాటేవారికి తప్ప అందరి వెన్నుకూ అది జవాబు చెబుతుంది. తారురోడ్డు అంచు, మట్టికి మధ్య రెండు మూడంగుళాల దిగుడు మరో వరం. లారీకి దారిచ్చి దిగిన మనిషి ఏటవాలుగా తిరిగి ఎక్కబోతే ముందు చక్రం అంచుకు ఒరుసుకుని పడేస్తుంది. అడ్డంగా, అంచుకు ఎదురుగా తిప్పి ఎక్కితే పడరు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోత ఉండనే ఉంటుంది. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకుకు మాత్రం పైన సోలారు పలకల నీడ కూడా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ పెద్దాయన అక్కడికి వెళ్లాలంటే సైకిలును కారెక్కించుకుని వెళ్లాలి. ఆ కారు తాళాలు మీ దగ్గరే ఉంటాయి.

ఇంత శ్రమా పడ్డాక ఒకరోజు ఎవరో అడుగుతారు: వీధిలో రోజూ పాలు పోసే పెద్దాయనకూ డెబ్బై ఉంటాయి, రెండు క్యాన్లలో నలభై లీటర్లు వేసుకుని వస్తున్నాడు, ఆయన్నెవరూ ఆపరేం? ఆయనది సైక్లింగు కాదు, బతుకుతెరువు అని చెప్పండి. నలభై లీటర్లంటే నలభై కిలోల పైన, అయినా ఆయన సీటు ఎత్తు సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని దించేంత ప్రేమగల పిల్లలు దగ్గర లేరు.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. సీటు దించాక ఆ స్పానరు మళ్లీ సీటు కింది సంచిలోనే పెట్టేయకండి. గాలి పంపుతో కలిపి బీరువా మీద, అట్టపెట్టెల వెనక దాచండి. ఆయన వెతుకుతారు. స్టూలు వేసుకుని ఎక్కి వెతుకుతారు. ఈ వయసులో స్టూలు ఎందుకు ఎక్కారని అడగడానికి మీకు అవకాశం వస్తుంది గానీ, అప్పటికే సీటు అర అంగుళం లేచి ఉంటుంది.