ఐసీయూ బయట కూర్చున్నవాళ్లతో మాట్లాడేదెవరు?

హైదరాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ ఎక్కినా ఆసుపత్రుల హోర్డింగులే. రోబో సర్జరీల మీద యూట్యూబ్ ఇంటర్వ్యూలు, గుండె దినోత్సవం నాడు పరుగులు, ఊరూరా ఉచిత శిబిరాలు. ఈ మాటలన్నీ రోగి గేటు దాటి లోపలికి వచ్చేదాకానే. వచ్చాక ఆ కుటుంబంతో మాట్లాడే దిక్కుండదు. మన ఆసుపత్రుల ప్రజా సంబంధాలకు పట్టిన జబ్బు ఇదే.

జిల్లాల్లో పరిస్థితి మరీ ఘోరం. ప్రైవేటు ఆసుపత్రి పీఆర్వో ఏం చేస్తాడో అక్కడ అందరికీ తెలుసు. బైకు మీద మండలాలు తిరిగి ఆర్‌ఎంపీలను కలుస్తాడు, కేసులు పంపమంటాడు, పంపినదానికి ఇంత అని లెక్క తేలుస్తాడు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తప్పేనని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అయినా జీతమిచ్చి మరీ మనిషిని పెట్టుకునేది ఈ పనికే.

ఇక ఐసీయూ బయట చూడండి. తలుపు కదిలినప్పుడల్లా కుర్చీల్లోంచి అందరూ లేస్తారు. నర్సు మందుల చీటీ చేతిలో పెట్టి ఫార్మసీ వైపు చూపిస్తుంది. ‘మా నాన్నకెలా ఉందమ్మా’ అంటే ‘సార్ వచ్చి చెప్తారండీ’ అంటుంది. సారు రౌండ్స్ ముగించుకుని ఇంకో తలుపు గుండా వెళ్లిపోతారు. సాయంత్రానికి బిల్లింగ్ కౌంటర్ నుంచి మాత్రం ఠంచనుగా ఫోన్ వస్తుంది, అడ్వాన్స్ అయిపోయింది, ఇంకో యాభై వేలు కట్టమని. రోజు మొత్తంలో ఆసుపత్రి తనంతట తాను ఆ కుటుంబంతో మాట్లాడిన మాట అదొక్కటే.

ముఖ్యమంత్రి పేషెంటైనా తీరు మారలేదు. 2016 సెప్టెంబర్ 22న జయలలిత చెన్నై అపోలోలో చేరితే తొలి బులెటిన్‌లో జ్వరం, డీహైడ్రేషన్ అన్నారు. రోజులు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్, శ్వాసకు సాయం అంటూ ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చారు. డిసెంబర్ 5న ఆమె పోయారు. లండన్ నుంచి వచ్చిన వైద్య నిపుణుడు రిచర్డ్ బీల్‌తో కలిసి డాక్టర్లు విలేకరుల ముందు కూర్చుని చికిత్సను వివరించింది 2017 ఫిబ్రవరి 6న. అప్పటికే రాష్ట్రమంతా అనుమానం పాకిపోయింది. చికిత్స సరిగానే జరిగిందని ఎయిమ్స్ వైద్య బోర్డు 2022లో తేల్చింది. ఆమె మరణంపై వేసిన ఆర్ముగస్వామి కమిషన్ మాత్రం అదే ఏడాది దర్యాప్తు కావాలంది. వైద్యం బాగా చేసినా మాట సరిగా చెప్పకపోతే ఆరేళ్ల తర్వాత కూడా సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉండాల్సిందే.

రోగి గోప్యత కాపాడాలి కదా, డాక్టర్లకు టైం ఎక్కడిది అంటారు యాజమాన్యాలు. గోప్యత పత్రికల విషయంలో నిజమే. స్పృహలో లేని తండ్రి గురించి కొడుక్కి చెప్పడానికి అదెలా అడ్డొస్తుంది? టైం లేకపోతే మనిషిని పెట్టండి. ఆర్‌ఎంపీల చుట్టూ తిరగడానికి మనిషి దొరికినప్పుడు దీనికి దొరకడా?

డాక్టర్ల మీద దాడులను ఎవరూ సమర్థించలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే దాడుల నివారణకు చట్టం తెచ్చారు, అయినా ఆగలేదు. ఎందుకంటే వారం పాటు ‘స్టేబుల్’ అని విన్నవాళ్లకు అర్ధరాత్రి ఒక్కసారిగా శవాన్ని అప్పగిస్తున్నారు. ఆ కోపానికి దొరికేది డ్యూటీలో ఉన్న కుర్ర జూనియర్ డాక్టరే. నిర్ణయాలు తీసుకునే యాజమాన్యం ఆ టైంకి అక్కడ ఉండదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం కాదు, హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన 17 రోగి హక్కుల పత్రంలో మొదటిదే సమాచార హక్కు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నిబంధనల్లోనే ఉంది. దీన్ని ఆసుపత్రుల మంచితనానికి వదిలేస్తే ఇంకో ఇరవై ఏళ్లయినా ఇంతే. ఐసీయూలో ఉన్న ప్రతి రోగి గురించి రోజుకోసారి సీనియర్ డాక్టర్ కుటుంబంతో కూర్చుని మాట్లాడాలి. ఏం చెప్పారో తెలుగులో రాసి, సంతకం చేసిన కాగితం వాళ్ల చేతికివ్వాలి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు, ఆరోగ్యశ్రీ జాబితాలో చోటుకు ఈ కాగితాలనే షరతుగా పెట్టాలి. తనిఖీకి వెళ్లిన జిల్లా వైద్యాధికారి ముందు అడగాల్సిన ఫైలు అదే.