సవరణ: పడుగు గంజి మళ్లీ చిక్కబడుతుందా?

పొందూరు ఖద్దరు నేతలో సన్నపోగు పడుగుకు (మగ్గం మీద నిలువుగా సాగదీసే దారాలకు) పెట్టే గంజి గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. చల్లారి బిగిసిన గంజిని గిలక్కొట్టి కాసేపు కదపకుండా ఉంచితే మొదటి చిక్కదనం పూర్తిగా వస్తుందన్నాం. రాదు, కొంతే వస్తుంది. పిండి అణువుల గొలుసుల మధ్య తెగిన పట్టు మళ్లీ కలుస్తుంది గానీ, చితికిన పిండి రేణువులు అతుక్కోవు.

రాత్రి నిలవున్న గంజి సంగతి వేరు. పిండిలోని అమైలోజ్ అనే పొడవాటి అణువుల గొలుసులు పక్కపక్కన చేరి గడ్డకడతాయి, అంచున నీరు ఊరుతుంది. ఈ గడ్డ కరగాలంటే 120 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మామూలు పొయ్యి మీద ఎంత కాచినా ఉండలు మిగులుతాయి. అవి పోగుకు అంటితే అచ్చులో (దారాలు దూరే, మగ్గం దువ్వెనలో) రాపిడికి దారం తెగుతుంది.

కాచిన పూటే వాడండి. గరిటె ఎత్తినప్పుడు తీగసాగి, తెగిన కొస పైకి లాక్కుంటే మంచి గంజి. ముక్కగా జారిందా, కుడితిలో పోసేయండి.