కుండ మార్పిడి లెక్క

ఇంటర్ మొదటి సంవత్సరం మేనకోడలికి లెక్కలు చెప్పమని అక్క పిలిస్తే వెళ్లాను. ఎక్స్‌ని ఎంత జరిపితే మళ్లీ అవే విలువలు వస్తాయో అది ఆవర్తనం. టాన్ 5ఎక్స్ ఆవర్తనం పై బై 5, అయిపోయింది. 2 సైన్ (పై ఎక్స్ బై 4) ప్లస్ 3 కాస్ (పై ఎక్స్ బై 3): మొదటిదానికి 8, రెండోదానికి 6, క.సా.గు. 24. అదీ అయిపోయింది. టీ రాకముందే లేచి వచ్చేయాల్సింది.

తర్వాతిది మాడ్ సైన్ ఎక్స్ ప్లస్ మాడ్ కాస్ ఎక్స్. మాడ్ అంటే అటూ ఇటూ రెండు నిలువు గీతలు, మధ్యలో మైనస్ విలువ వస్తే ప్లస్ చేసేస్తాయి. "దానికీ పై, దీనికీ పై. క.సా.గు. పై!" అన్నాను.

"వెనక పై బై 2 అని ఉంది మావయ్యా."

"ప్రింటింగ్ మిస్టేక్" అని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. వేలకు వేలు గుంజి కాలేజీ వాళ్లు అంటగట్టిన మెటీరియల్ అది. 'క.సా.గు. తీస్తే చాలు' అని డబ్బా కట్టి మరీ వేశారు. ఎక్కడ చాలదో రాయడానికి మాత్రం చోటు చాలలేదు కాబోలు.

"పుస్తకాన్నే దిద్దావా బామ్మర్దీ?" అన్నాడు బావ, పేపర్ దించి.

ఈలోపు పిల్ల ఎక్స్ బదులు ఎక్స్ ప్లస్ పై బై 2 వేసింది. సైన్ వెళ్లి కాస్ అయింది. కాస్ వచ్చి మైనస్ సైన్ అయింది. మైనస్‌ని మాడ్ మింగేసింది. అచ్చం కుండ మార్పిడి! ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి. మొత్తం మాత్రం మారదు. మా అక్కదీ నాదీ అలాంటి పెళ్లిళ్లే, మా ఆవిడ ఈ బావ చెల్లెలే. పందిరి ఖర్చు కలిసొస్తుందని మా నాన్న, కట్నాల గొడవ ఉండదని వాళ్ల నాన్న. ఇప్పటికీ మా ఇత్తడి గంగాళం వాళ్లింట్లో ఉంది, వాళ్ల పెద్ద రోలు మా పెరట్లో ఉంది. ఇక మైనస్‌లంటారా, అలకలు అటూ ఇటూ బోలెడు. పండక్కి పెద్దలొచ్చి రెండు పక్కలా నిలువు గీతలు గీసి, ఫొటోలో అందర్నీ ప్లస్ చేసేస్తారు. ఇంత మార్పిడిలో కాపురం చేస్తున్నవాడికి సైన్, కాస్ ఆనవాలు పట్టడం రాలేదు.

"పై కూడా తప్పేం కాదు, పై జరిపినా అదే విలువ వస్తుంది. కాకపోతే వీళ్లు కనిష్ఠ ధన విలువ అడుగుతారు" అన్నాను.

"అంటే రెట్టింపు చెప్పావన్నమాట" అన్నాడు బావ. టెన్త్‌తో చదువు ఆపేసిన మనిషి!

పిల్ల తర్వాతి లెక్క చదివింది: సైన్ స్క్వేర్ ఎక్స్ ప్లస్ కాస్ స్క్వేర్ ఎక్స్. డబ్బా ప్రకారం పై. కానీ అది ఎప్పుడూ 1 కదా, ఎంత కొంచెం జరిపినా అంతే, ఇక కనిష్ఠం ఎక్కణ్ణుంచి తేవాలి? నేను నోరు తెరిచేలోపు బావ చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.